గడ్డికోత బండికి పెట్టిన బొట్టు

అందరూ సర్దుకుని కూర్చున్నారా? వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? పైనున్న స్వామికి ఒక్కసారి దణ్ణం పెట్టుకోండి. సరే, వినండి.

నాగులకోన అనే అడవి ఉంది. అందులో కుందేళ్లు, కంజుపిట్టలు, దుప్పులు, నక్కలు ఉండేవి. వీరభద్రం అనే అడవిపంది ఉండేవాడు. నూకాలమ్మ అనే ముసలి ముళ్లపంది ఉండేది. వీళ్లతోపాటు ఒక గడ్డికోత బండి కూడా ఉండేది. నవ్వకండర్రా, నిజంగానే ఉండేది!

అడవి అంచు బంగళాలో ఉండే మనుషులు ఇల్లు ఖాళీ చేస్తూ ఆ బండిని షెడ్డులోనే వదిలేసి పోయారు. నాలుగు చక్రాలు, పైన సీటు, ముందు స్టీరింగు, పొట్ట కింద గిర్రున తిరిగే బ్లేళ్లు. ఎక్కి కూర్చుని నడిపితే చాలు, గడ్డి తెగి పక్కకి పడుతుంది.

అడవి జంతువులకి దానితో ఏం పని అంటారా? మాఘమాసం వచ్చేసరికి కోనలో గడ్డి నిలువెత్తున ఎండిపోతుంది. కొండ మీద ఎక్కడో నిప్పు రాజుకుంటే గాలితో పాటు కిందికి దిగుతుంది. అందుకని పిల్లల బొరియలున్న దిబ్బ చుట్టూ పది బారల వెడల్పున గడ్డి నేలకంటా కోసి, ఊడ్చేసేవాళ్లు. దాన్ని మంటబాట అనేవాళ్లు. నిప్పు అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ దొరక్క చచ్చేది. మిగతా రోజుల్లో దిబ్బ మీది పచ్చిగడ్డిని కూడా ఆ బండితోనే కోసేవాళ్లు.

ఆ బండికి ఒక చిత్రమైన పద్ధతి ఉంది. సీటు మీద తగినంత బరువు లేకపోతే ఇంజను ఆగిపోతుంది. కుందేలు ఎక్కితే ఉలకదు. అందుకని బరువైన వీరభద్రమే ఎప్పుడూ డ్రైవరు.

"నేను లేకపోతే ఈ కోన బూడిదే" అనేవాడు వీరభద్రం. అందరూ తలలూపేవాళ్లు.

మరి నూకాలమ్మ ఏం చేసేది? వీరభద్రం దిగి స్నానానికి వెళ్లాక ఆమె పని మొదలయ్యేది. తాళంచెవి తీసి పక్కన పెట్టేది. ఇంజను చల్లారేదాకా కూర్చునేది. బండి కిందికి దూరి బ్లేళ్ల చుట్టూ అట్టలు కట్టిన పచ్చిగడ్డిని గీకేది. గాలి జల్లెడని ఊడదీసి రాయికి తట్టి దుమ్ము దులిపేది. నూనె పుల్ల తీసి చూసేది. ఏ చిన్న రంధ్రం పూడుకున్నా తన ముల్లు ఒకటి పీకి పొడిచేది.

పదేళ్లుగా ఇదే పని. నడుము పట్టేసింది. కళ్లలో ఎప్పుడూ గడ్డిపొడే. ఒక ఏడు ఆమె నోరు తెరిచి అడిగింది.

"నాయనా వీరభద్రం, రోజూ దిగేముందు ఒక్కసారి కింద గీకి పెట్టవా? నా ఒంట్లో ఓపిక అయిపోతోంది."

"డ్రైవరు చేత గీకిస్తావా అత్తా? రేపు నాచేత చక్రాలు కూడా నాకిస్తావేమో!" అని వీరభద్రం పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

నూకాలమ్మ నడుము పట్టుకుని వంగింది. మళ్లీ కిందికి దూరింది.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. మంటబాట వేసే రోజున వీరభద్రం బండికి ఘనంగా పూజ పెట్టించాడు. పూజకి పెద్ద నక్క పోతన్న. చక్రాల కింద నిమ్మకాయలు, స్టీరింగుకి పసుపు, ముందు నుంచి వెనక దాకా బంతిపూల దండలు! పోతన్న దోసిళ్లతో కుంకుమ తీసుకుని ఇంజను మూత నిండా చల్లాడు.

నూకాలమ్మ దణ్ణం పెట్టుకుంది. ఆమెకీ భక్తి ఉంది. కానీ చూస్తూ ఊరుకోలేకపోయింది.

"పోతన్నా, చక్రానికి పెట్టు బొట్టు. అక్కడ వద్దయ్యా. ఇంజను గాలి పీల్చుకునేది ఆ సందుల్లోంచే. దండ కూడా కాస్త పక్కకి జరుపు."

"శుభమా అని పూజ చేస్తుంటే అడ్డుమాటలా!" అని వీరభద్రం కసిరాడు. తాళం తిప్పాడు. బండి కదిలింది. అందరూ జై కొట్టారు.

దిబ్బకి సగం చుట్టు తిరిగిందో లేదో, బండి దగ్గింది. నల్లటి పొగ కక్కింది. ఆగిపోయింది.

"దిష్టి!" అన్నాడు పోతన్న.

గుమ్మడికాయ కొట్టారు. ఇంకాస్త కుంకుమ పోశారు. ఈలోపు ఇంజను చల్లబడి మళ్లీ అంటుకుంది. "చూశారా!" అన్నాడు వీరభద్రం. నాలుగు అడుగులు వెళ్లి మళ్లీ ఆగింది. ఈసారి విభూతి. మళ్లీ నాలుగు అడుగులు. మధ్యాహ్నానికి బండి మూలగడం కూడా మానేసింది.

వీరభద్రానికి పదిమందిలో తలకొట్టేసినట్టయింది. చుట్టూ చూశాడు. తప్పు ఎవరి మీదికో నెట్టాలి కదా!

"ఈ ముళ్లదాని చెయ్యి పడ్డ బండి బాగుపడుతుందా? పో ఇక్కడి నుంచి! ఇంకెప్పుడూ బండిని ముట్టుకోకు" అన్నాడు. తర్వాత దిబ్బకి అవతలున్న తన రెల్లుపొదలోకి వెళ్లి, మూతి ముడుచుకుని పడుకున్నాడు.

నూకాలమ్మ తన బొరియలోకి వెళ్లింది. ఏడుపు రాలేదు. పిల్లలూ, ఒక్కోసారి అలసట ఎంత పెద్దదవుతుందంటే, అవమానానికి కూడా లోపల చోటుండదు. "పోనీలే స్వామీ, ఇలాగైనా పడుకోనిచ్చావు" అనుకుంది. పదేళ్లలో మొదటిసారి పట్టపగలు నడుం వాల్చింది.

కాసేపటికి ముత్తెమ్మ అనే కుందేలు రొప్పుతూ వచ్చింది.

"అత్తా! కొండ మీద పొగ లేస్తోంది. గాలి ఇటే. నా పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదత్తా, ఎత్తుకుపోదామంటే ఆరుగురు!"

"బండిని ముట్టుకోవద్దన్నాడుగా వీరభద్రం."

"అన్నాడు. నేను కూడా అక్కడే ఉండి నోరు మూసుకున్నాను. తప్పే."

నూకాలమ్మ లేవబోయింది. నడుము లేవలేదు. మళ్లీ ఒరిగిపోయింది. "నావల్ల కాదే తల్లీ. నిజంగా కాదు."

ముత్తెమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "నువ్వు చెయ్యొద్దు. అక్కడికొచ్చి కూర్చో. నువ్వు చెప్పు, మేము చేస్తాం."

ఆ మాట ఆమెతో అంతకుముందు ఎవరూ అనలేదు.

నాలుగు కుందేళ్లు పట్టుకుని తీసుకెళ్లి బండి పక్కన కూర్చోబెట్టాయి. నూకాలమ్మ కళ్లు సగం మూసుకునే చెప్పింది.

"ముందు తాళంచెవి తియ్యండి. తీశారా? పెట్రోలు ఉందా?"

"ఉంది."

"పుల్ల తీసి చూడండి, నూనె?"

"గీత దాకా ఉంది."

"అయితే ఊపిరి ఆడట్లేదు. మూత తీసి జల్లెడ బయటికి లాగండి."

ముత్తెమ్మ లాగింది. జల్లెడ నిండా కుంకుమ, విభూతి! ముద్ద కట్టి గోడలా ఉంది. ఇంజనుకి గాలి తగిలే కంతల్లో బంతి రేకులు దూరి ఉడికిపోయి ఉన్నాయి. కుందేళ్లు జల్లెడని రాయికి తట్టాయి. రేకులు ఏరాయి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మసిబారితే ఆకుతో తుడిచాయి. కిందికి దూరి అంటుకున్న గడ్డి గీకాయి. ముత్తెమ్మ కళ్లలో గడ్డిపొడి పడింది.

"అత్తా, ఇది నువ్వు రోజూ చేసేదానివా?"

"రోజూ."

ముత్తెమ్మ కళ్లు నులుముకుని మళ్లీ గీకింది.

బండి సిద్ధమైంది. మరి డ్రైవరు? ఒక కుర్ర దుప్పి పరుగున వెళ్లి వీరభద్రాన్ని పిలిచింది. "పూజ చెడిన బండి నేనెక్కను" అని పొదలోంచే జవాబు వచ్చింది. పొగ వాసన దిబ్బ దాకా వచ్చేసింది.

నూకాలమ్మ గట్టిగా ఊపిరి తీసుకుంది. "నన్ను పైకెత్తండి. చాలకపోతే మీరూ ఎక్కండి" అంది. ముళ్లన్నీ దగ్గరికి ముడుచుకుని సీటు మీద కూర్చుంది. అటు రెండు, ఇటు రెండు కుందేళ్లు ఇరుక్కున్నాయి. తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారి తుమ్మి, హాయిగా గురకపెట్టింది.

మిగిలిన సగం చుట్టు కోసేశారు. కోసిన గడ్డిని దుప్పులు, కంజుపిట్టలు, పోతన్నతో సహా అందరూ లోపలికి, దూరంగా ఈడ్చేశారు. చివరి వరుస పూర్తయ్యేసరికి మంట కనిపించింది. చిటపటలాడుతూ వచ్చింది. బోడినేల దగ్గర ఆగింది. అటూ ఇటూ వెతికింది. ఆకలితో అక్కడే చచ్చింది. ముత్తెమ్మ పిల్లలకి ఆ సంగతే తెలియదు, నిద్రపోతున్నారు.

రెల్లుపొద మాత్రం మంటబాటకి బయట ఉంది. వీరభద్రం కేకలు పెడుతూ దూసుకొచ్చి బోడినేల మీద పడ్డాడు. తోక కాలింది. వీపు మీది జూలంతా మాడిపోయింది. ఇల్లు బూడిదైంది.

అతన్ని ఎవరూ తరమలేదు. లోపల చోటిచ్చారు. నాలుగు రోజులకి లేచి, బండి చుట్టూ తచ్చాడుతూ, "మళ్లీ ఎక్కనా?" అని నీళ్లు నమిలాడు.

"ఎక్కు మామా, మాకూ బరువు కావాలిగా. దిగాక కింద గీకాలి. ఇవాళ్టికి గీకడమే" అంది ముత్తెమ్మ.

వీరభద్రం వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. గడ్డిపెళ్లలు మొహం మీద పడుతుంటే తుమ్ముతూ, గీరుతూ ఉన్నాడు.

ఆ చప్పుడు బొరియలో ఉన్న నూకాలమ్మకి వినిపించింది. తప్పుగా గీకుతున్నాడు, అంచు నుంచి మొదలుపెట్టాలి. చెబుదామని తల ఎత్తింది. బయట ముత్తెమ్మ గొంతు వినిపించింది: "అలా కాదు మామా, అంచు నుంచి!"

నూకాలమ్మ తల దించింది. అటు తిరిగి పడుకుంది.

నీతి: దేవుడిచ్చిన పనిముట్టుకి బొట్టు పెట్టడం ఎంత భక్తో, దాని మురికి తుడవడమూ అంతే భక్తి, ఆ తుడిచే చెయ్యి అలిసిపోకముందే మన చెయ్యి కలపాలి.