బాట లేని విందు

రాజుగారి పొలంలో ఆ ఏడు గడ్డి పండింది, గింజ పండలేదు.

నీలవరం అనే చిన్న రాజ్యంలో జరిగిన సంగతిది. దాన్నేలే మణికేతుడికి ఒక వేకువన కల వచ్చింది. మేడ కింద నుంచి ఆకాశం అంచుదాకా ఒకటే పచ్చదనం. ఎక్కడా అతుకు లేదు. గాలి వీస్తే మొత్తం ఒకేసారి, నిద్రలో ఒత్తిగిలినట్టు కదులుతోంది. మెలకువ వచ్చి కిందికి చూస్తే పొలంలో సన్నని గీతలు. నాటు వేసేటప్పుడు రైతులు తూర్పు పడమరలుగా వదిలే కాలిబాటలవి. ఆయన కంటికి పట్టుచీర మీద చిరుగుల్లా కనిపించాయి.

తర్వాతి నాటుకు తన పొలంలో బాటలు లేకుండా, మట్టి కనిపించనంత ఒత్తుగా నాటించాడు. పైరు నిజంగానే కలలా ఎదిగింది. పైన ముదురు పచ్చ. చేత్తో విడదీస్తే లోపల చీకటి, పాలిపోయిన ఆకులు, తడి వాసన. వెన్నులు వచ్చాయి గాని చాలావరకు తాలు.

మంత్రి దండపాణి రాజు మనసెరిగి కారణం చెప్పాడు. చుట్టుపక్కల పొలాల్లో ఇంకా బాటలున్నాయనీ, ఆ దోషమే గట్టు దాటి వచ్చిందనీ. రాజుకు నచ్చింది. ఇకమీదట రాజ్యంలో ఎక్కడా బాట ఉండకూడదని చాటింపుకు ఏర్పాట్లు మొదలయ్యాయి. నారుమళ్ళు అప్పటికే నాటుకు సిద్ధంగా ఉన్నాయి. చాటింపు వెలువడితే మరుసటి ఏడు ప్రతి ఇంటి గాదెలోనూ తాలే.

రాజుగారి విందులు నడిపే కొమ్మసానికి ఆ సంగతి తెలుసు. ఆమె అన్నలది సేద్యం. సభకు వెళ్ళి ముందు రాజును పొగిడింది. ఇంత గొప్ప ఆజ్ఞకు ముందు విందు జరగాలనీ, అది కూడా దేవరవారి కలలాగే అతుకు లేకుండా ఉండాలనీ మనవి చేసింది. రాజు మురిసిపోయి సరేనన్నాడు.

తోటలో పందిరి వేశారు. కప్పు సందుల్లోంచి మధ్యాహ్నపు ఎండ చుక్కలుగా జారి వణుకుతోంది. మోకాలికి మోకాలు, వీపుకు వీపు ఆనించి పరివారాన్నంతా కూర్చోబెట్టారు. ముందు అరిటాకులు. వేలెడు నేల కనిపిస్తే ఒట్టు. సరిగ్గా నడుమ రాజు, పక్కన మంత్రి.

వడ్డన మొదలైంది. అంచున కూర్చున్న గుర్రాలవాళ్ళు పనసపొట్టు కూర తిన్నారు, మళ్ళీ వేయించుకున్నారు. నడుమకు వాసన మాత్రం వచ్చింది. రాజు కాసేపు ఆ వాసనలో తేలుతూ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆకు ఖాళీ. చేతులు మార్చి అందించమని మంత్రి కేకేశాడు. తింటున్నవాళ్ళవన్నీ ఎంగిలి చేతులు, ఎవరందిస్తారు?

"కొమ్మసానీ, మా ఆకులో ఏదీ?"

"అంతదూరం ఎలా రమ్మంటారు ప్రభూ? బాట లేదు."

"ముందు రాజుకు వడ్డించాలని తెలియదా?"

"వడ్డించేవాళ్ళకు తెలుసు. కాలు పెట్టే చోటే లేదు."

ఆమె పందిట్లో జారుతున్న ఎండను చూపించింది. "మీ పైరుకు వడ్డించేది అది. ఎండ తగిలిన ఆకే గింజకు తిండి వండుతుంది. తగలని ఆకు వండలేక ఊరికే పాలిపోతుంది. మీ పొలంలో గింజ పట్టింది ఎక్కడ ప్రభూ?"

రాజు గుర్తు తెచ్చుకున్నాడు. "గట్టు వారన."

"పక్క పొలాల దోషమైతే ముందు గట్టు వారకే సోకాలిగా?"

మంత్రి తన ఖాళీ ఆకులో ఏదో రాసి ఉన్నట్టు తలవంచుకుని చూడసాగాడు.

రాజుగారి కడుపు గట్టిగా మూలిగింది. ముందు ఆయనకే నవ్వొచ్చింది. ఇరుక్కుని కూర్చున్నారేమో, ఆయన నవ్వుకు పందిరికింద అందరూ ఒకేసారి ఊగారు, అచ్చం కలలో పైరులా.

చాటింపు ఆగిపోయింది. మేడ ముందున్న పొలాన్ని కొమ్మసానికి బహుమానంగా రాసిచ్చి రాజు గొంతు తగ్గించి అడిగాడు, కిటికీలోంచి కనిపించే ఆ ఒక్క చెక్క పొలంలోనైనా నా కల ఉంచరాదా అని.

ఆమె నమస్కరించింది గాని మాటివ్వలేదు. ఏం చేయాలో అక్కడే నిర్ణయించుకుంది. ప్రతి నాటుకూ బాటలు తిన్నగా వదలడానికి లాగే తాడు ఒక కొస తానే పట్టుకునేది. ఏటా మేడ మీద నుంచి నిట్టూర్పు వినిపించేది. జుట్టు నెరిసి, నడుం వంగినా ఆమె ఒక్క బాటను కూడా పూడ్చనివ్వలేదు.