ఈ పూట పిండి

మల్లేశయ్యస్వామికి ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే కనీసం పనైనా అయ్యేది.

ఆయన శిష్యుడు శరభయ్య పన్నెండేళ్లుగా మఠంలో ఉన్నాడు. గురువు తుమ్మినా పుస్తకంలో రాసుకునే రకం. ఒకనాటి ఉదయం ఆ పుస్తకం పట్టుకునే వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"స్వామీ, కూతురు పోయిన ఈరమ్మ మూడు రోజులుగా మన అరుగు మీదే కూర్చుని ఉంది. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదు. ఇలాగే ఉంటే ఆమె కూడా దక్కదు. నాలుగేళ్ల కిందట బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రికి తమరు చెప్పిన మాటలే పొల్లు పోకుండా చదివి వినిపించాను. అతను ఆ రోజు కళ్లు తుడుచుకుని లేచి వెళ్లాడు. ఈమె నావైపు తిరిగి కూడా చూడలేదు. ఆ మాటల్లో అప్పుడున్నది ఇప్పుడెందుకు లేదు?"

"ముందు ఆమెకొక రొట్టె చేసి తీసుకుపో," అన్నారు స్వామి.

వంటింటి డబ్బాలో నెల కిందట పట్టించిన జొన్నపిండి ఉంది. శరభయ్య వేడినీళ్లు పోసి పిసికి, రొట్టె తట్టాడు. అంచులు బీటలు వారాయి. పెనం మీదికి ఎత్తబోతే చేతిలోనే రెండు ముక్కలైంది. రెండోదీ అంతే. మూడోది విరిగేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

వంట చేసే సుంకులమ్మ అది చూసి నవ్వింది. "పాత పిండికి జిగట యాడుంటాది సామీ? రాండి, రాయి కాడ కూచోండి."

ఆమె చేటలో పోసి తెచ్చిన జొన్నలు మూడేళ్లు పాతరలో, మట్టి కింద చీకట్లో ఉన్నవి. రంగు మాసి ప్రాణం లేనట్టున్నాయి. శరభయ్య తొందరకొద్దీ పిడికిళ్లతో తిరగలి నోట్లో కుమ్మరించాడు. నూక వచ్చింది.

"అట్ల కాదు సామీ. రాయి మింగినంతే పొయ్యాల."

అతను నెమ్మదించాడు. కొన్ని గింజలు, కొన్ని చుట్లు, మళ్లీ కొన్ని గింజలు. అరచేతులు మండే వేళకి రాళ్ల మధ్య నుంచి మెత్తని పిండి రాలసాగింది. వేలితో తాకి ఉలిక్కిపడ్డాడు. వెచ్చగా ఉంది. దాని వాసన కోతనాటి చేను వాసన. మూడేళ్లు భూమిలో పడుకున్న గింజ ఇంత కమ్మదనాన్ని ఎక్కడ దాచుకుంది? పన్నెండేళ్లుగా తాను తింటున్న రొట్టె వెనక ఇంత అద్భుతం ఉందని అతనికి తెలియనే తెలియదు. రెండు చేతులూ పిండిలో ఉంచి కాసేపు అలాగే ఉండిపోయాడు. దండం పెట్టాలనిపించింది, పెట్టాడు కూడా. సుంకులమ్మ ఈసారి నవ్వలేదు.

రొట్టె చీలలేదు. పెనం మీద నిండుగా పొంగింది. శరభయ్య దాన్ని ఆకులో పెట్టుకుని, చల్లారుతుందేమోనని అరుగు దాకా పరుగులాంటి నడకతో వెళ్లాడు.

చాలాసేపటికి గురువు దగ్గరికి తిరిగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తింది స్వామీ. సగం తిని ఏడ్చింది. తర్వాత మిగతా సగమూ తింది."

"నువ్వేమన్నావు?"

శరభయ్య అలవాటుగా పుస్తకం కోసం చంక తడుముకున్నాడు. అది వంటింట్లో పిండిడబ్బా మీదే ఉండిపోయింది.

"బిడ్డ పేరేమిటని అడిగాను స్వామీ. ఆ పైన ఏదో అన్నాను. ఏమన్నానో చెప్పమంటే ఇప్పుడు రావడం లేదు."

"మంచిది నాయనా," అన్నారు స్వామి. "అది మాత్రం రాసి పెట్టుకోకు."