చాలదన్న రాజకుమారుడు

అనగా అనగా, మీరు ఊ కొడుతుంటేనే చెబుతాను సుమా, పొగడపురమనే రాజ్యాన్ని ధవళసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన కొలువులో ఒక కట్టుబాటు ఉంది. ఏమడిగినా ఎవరూ "తెలియదు" అనకూడదు. అంటే పరువు తక్కువ! వంటవాణ్ణి పిలిచి వాన ఎప్పుడొస్తుందని అడిగినా "రేపే మహారాజా" అనాల్సిందే. రాకపోతే అది వాన తప్పు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడూ నడిమివాడూ కొలువులో పెరిగి, ప్రశ్న పూర్తికాకముందే జవాబు విసిరేవారు. కడగొట్టువాడు పుష్కరుడు మాత్రం దాది సూరమ్మ దగ్గర చింతపిక్కలాడుతూ పెరిగాడు. ఆమె గుప్పిట మూసి "సరా, బేసా?" అనేది. తొందరపడి ఏదో ఒకటి అన్నాడో, నెత్తిన మొట్టికాయ పడేది. "గుప్పిట్లోది చూడందే నీకెట్లా తెలుసయ్యా?" అనేది.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలి కరాళదంతుడనే మాంత్రికుడు పొరుగురాజు కూతురు మరాళికను ఎత్తుకుపోయి, తన చిలక పంజరానికి కాపలా పెట్టాడు. ఆ చిలకలోనే వాడి ప్రాణం. "నా మూడు ప్రశ్నలు గెలిచినవాడికి పంజరం తాళంచెవి ఇస్తాను. ఓడినవాడు రాయైపోతాడు" అని చాటించాడు. తన ప్రశ్నలను ఎవడూ గెలవలేడని వాడికంత పొగరు.

పెద్దవాడు వెళ్ళాడు, రాయయ్యాడు. నడిమివాడు వెళ్ళాడు, వాడూ రాయయ్యాడు. రాజు అన్నం మానేశాడు.

"అన్నలను వెంటబెట్టుకునే వస్తాను నాన్నగారూ" అని పుష్కరుడు బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ముసలి తాబేలొకటి వెల్లకిలా పడి గిలగిలలాడుతోంది. పుష్కరుడు దాన్ని తిప్పి నీళ్ళలో వదిలాడు. "నా వీపెక్కు బాబూ" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, అలా అలా ఏడూ దాటారు. దారిలో తాబేలు ఒక రహస్యం చెప్పింది.

"వాడి గుప్పిట్లోవి మాయముత్యాలు. వాడు చెప్పిన మాట అబద్ధం కానంతవరకు, ఎదుటివాడి జవాబు తప్పయ్యేలా అవి పెరుగుతాయి, తరుగుతాయి. మీ పెద్దన్న సరి అన్నాడు, ఒక ముత్యం పెరిగింది. మీ చిన్నన్న బేసి అన్నాడు, ఒకటి తరిగింది."

"వాడి మాట ఒక్క దారే మిగిలిస్తే?"

"అప్పుడవి కదల్లేవు. ఏమైనా నెమ్మది బాబూ, నెమ్మది."

కోటలో రెండు రాతిబొమ్మలు నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. అన్నల ముఖాలు చూసేసరికి పుష్కరుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కరాళదంతుడు గుప్పిట చాపాడు.

"ఈ ముత్యాలను రెండింతలు చేస్తే సరి వస్తుంది. గుప్పిట్లో ఉన్నది సరా, బేసా, లేక నా మాట చాలదా?"

మూడు రెండింతలు ఆరు. నాలుగు రెండింతలు ఎనిమిది. ఏది రెండింతలు చేసినా సరే వస్తుంది కదా అనుకున్నాడు పుష్కరుడు.

మాంత్రికుడు పళ్ళికిలించాడు. "పొగడపురం రాజకుమారుడు తెలియదంటాడా ఏమిటి?"

పుష్కరుడు తలెత్తాడు. "తెలియకపోవడమేమిటి? నీ మాట చాలదని నాకు బాగా తెలుసు!"

పంజరం దగ్గర మరాళిక చప్పట్లు కొట్టింది. మాంత్రికుడు మళ్ళీ గుప్పిట మూశాడు.

"వీటిని మూడింతలు చేస్తే బేసి."

"జోడీలుగా విడిపోయేవైతే ఎన్నింతలు చేసినా జోడీలే. మూడింతల్లో ఒంటిది మిగిలిందంటే నీ గుప్పిట్లోనూ ఒంటిది ఉంది. బేసి!"

గుప్పిట గజగజ వణికింది గాని ముత్యం కదల్లేదు. విప్పితే అయిదు.

ఈసారి వాడు రెండు గుప్పిళ్ళూ చాపాడు. "రెండూ కలిపితే సరి. ఎడమదానికి కుడిదాని రెండింతలు కలిపితే బేసి. కుడి గుప్పిట సంగతి చెప్పు."

పుష్కరుడు తాబేలు మాట తలుచుకుని నెమ్మదిగా మొదలుపెట్టాడు. "మొదటి మాట ఒక్కటీ చాలదు. రెండూ సరి కావచ్చు, రెండూ బేసి కావచ్చు. రెండో మాట ఒక్కటీ చాలదు. రెండింతలు ఎప్పుడూ సరే కనుక ఎడమది బేసి అని తేలింది గాని కుడిదాని సంగతి తేలలేదు."

"అయితే చాలదంటావు!" అని ఎగిరి గంతేశాడు మాంత్రికుడు.

"ఆగవయ్యా! రెండు మాటలూ కలిస్తే చాలు. ఎడమది బేసి, మొత్తం సరి. కాబట్టి కుడిదీ బేసే!"

కుడి గుప్పిట విచ్చుకుంది. ఏడు ముత్యాలు! వాటితోపాటు తాళంచెవి జారి పడింది. మరాళిక పంజరం తెరిచింది. చిలక తుర్రుమంది. "చిలకమ్మా, ఆగవే, పిల్లులుంటాయే!" అని అరుస్తూ మాంత్రికుడు దాని వెంటబడ్డాడు. ఇప్పటికీ పరుగెడుతూనే ఉన్నాడట. రాతిబొమ్మలు కదిలి తమ్ముణ్ణి కావలించుకున్నాయి.

పుష్కరుడికీ మరాళికకూ వైభవంగా పెళ్ళయింది. అన్నలే పట్టుబట్టి తమ్ముణ్ణి సింహాసనమెక్కిస్తే, అతను అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. కానీ నాకు అన్నిటికన్నా నచ్చేది పెళ్ళినాటి ముచ్చట.

వియ్యంకుడు నిండు పందిట్లో అడిగాడు. "బావగారూ, మీ ముగ్గురు కొడుకుల్లో తెలివైనవాడెవరు?"

ధవళసేనుడు పుష్కరుణ్ణి చూశాడు, ఛాతీ ఉప్పొంగింది. పక్కనే తలలు దించుకున్న పెద్ద కొడుకులిద్దరినీ చూశాడు. నాలుక చివరిదాకా వచ్చిన జవాబును మింగేశాడు.

"తెలియదు బావగారూ. ఇంతవరకు చూసింది చాలదు" అన్నాడు మహారాజు.

కొలువంతా నిర్ఘాంతపోయింది. పెద్ద కొడుకులిద్దరూ తలలెత్తారు.