ఊగని ఇల్లు

మెట్ట ఊళ్ళో మోటబావి మీదకి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ళే. మట్ట మట్టకీ గూళ్ళు ఆనపకాయల్లా వేలాడుతుండేవి. అన్నిటిలోకీ గట్టి గూడు నారిగాడిది. అన్నిటిలోకీ ఖాళీ గూడు కూడా వాడిదే.

గిజిగాళ్ళలో ఒక ఆచారముంది. మగపిట్ట గూడు సగం అల్లి, రెక్కలు టపటపలాడించి పిలవాలి. ఆడపిట్ట వచ్చి లోపలికి తొంగిచూసి, రెండు పోగులు లాగి చూసి, నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే తుర్రుమంటుంది. నారిగాడి గూటికొచ్చిన వాళ్ళంతా తుర్రుమన్నవాళ్ళే.

"అల్లిక బాగానే ఉందమ్మా," అంది చివరగా వచ్చి వెళ్ళినావిడ, పక్క మట్ట మీద పిట్టతో. "గుమ్మం కాస్త ఇటు తిప్పితే బాగుంటుందేమో అన్నాను. అంతే, గాలి గురించి పాఠం మొదలెట్టాడు. ఆ పాఠం వింటూ కాపురం ఎవరు చేస్తారు?"

నారిగాడు ఆ మాట విననట్టే ఇంకో ముడి బిగించాడు. కాకి నల్లన్న మాత్రం విన్నాడు. ఊరూరూ తిరిగి సేవాయాత్రలు నడిపించడం ఆయన పని.

"ఒరేయ్ అబ్బాయ్, ఇక్కడ ఎన్ని గూళ్ళు అల్లితే ఏం లాభం? పరదేశంలో ఒక్క ఇల్లు కట్టిరా. తిరిగొచ్చాక చూడు, ఆడపిల్లలు నీ మట్ట కింద వరస కడతారు."

"పరదేశం అంటే ఎక్కడ బాబాయ్?"

"కొండల అవతల. పెద్ద సరస్సు. అక్కడ బుడుబుంగలని, నీటిపిట్టల జంటొకటి నిలువ నీడ లేకుండా ఉంది. గేదెలు దిగి వాళ్ళ గూడు తొక్కేశాయి. ఇంటాయన కాలు చేపలవలలో పడి వాచిపోయింది. ఇంటావిడ ఇవాళో రేపో గుడ్లు పెట్టేట్టుంది."

"మరి నువ్వూ కడతావా?"

"నేను దారి చూపిస్తాను. అదీ సేవేరా."

మర్నాడే నారిగాడు ముక్కు నిండా ఈతనార కట్ట పట్టుకుని బయల్దేరాడు. పిట్టలకి పాస్‌పోర్టు అక్కర్లేదు కాబట్టి తొందరగానే చేరాడు. తోవలో దొరికిన మిడతలన్నీ నల్లన్న తిన్నాడు. అదీ సేవేనేమో, నారిగాడు అడగలేదు.

సరస్సు చూసి వాడికి కళ్ళు తిరిగాయి. ఎటు చూసినా నీళ్ళే. ఆ నీళ్ళ మీద బుంగమ్మ, బుంగయ్య ఆకుల్లా తేలుతున్నారు. వాళ్ళ కాళ్ళ కింద ఏమీ లేదు.

"ఇంత దూరం మాకోసం వచ్చావా నాయనా," అంది బుంగమ్మ.

"ఎందుకు రానక్కా? బావకి కాలు బాలేదని తెలిశాక ఊరుకుంటానా? ముందు మీ పక్కవాళ్ళ ఇళ్ళు చూపించు. ఎలా కడతారో చూస్తాను."

జమ్ము గడల మధ్య నాచూ తుంగా కుప్పగా పోగేసి ఉన్నాయి. ఆ కుప్ప మీద ఇంకో బుడుబుంగ కూర్చునుంది. చిన్న అల వస్తే కుప్పంతా ఊగింది.

నారిగాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అక్కా, ఏమీ అనుకోకు. ఇది ఇల్లా, ఎవరో తిని పారేసిన విస్తరా?"

బుంగయ్య కూడా నవ్వేశాడు. "మాకింతే వచ్చు బాబూ."

"ఊగుతోంది కూడానూ. కడుపులో తిప్పదూ?"

"ఊగాలి నాయనా," అంది బుంగమ్మ. "మాది తేలే ఇల్లు. జమ్ముకి ఊరికే ఆనించి వదిలేస్తాం. కొండ మీద వాన పడితే ఇక్కడ నీళ్ళు..."

"తెలుసక్కా, నీళ్ళు కొట్టుకొస్తాయి, ఇల్లు కొట్టుకుపోతుంది. అందుకేగా నేను నార తెచ్చింది."

వాడు పనిలోకి దిగాడు. పని మాత్రం మనసు పెట్టి చేశాడు, అందులో అనుమానం లేదు. నాచు మోశాడు, తుంగ చీల్చాడు, ఈదడం రాకపోయినా గడ మీంచి గడ మీదకి గెంతుతూ తడిసి ముద్దయ్యాడు. కుప్పని చాపలా అల్లాడు. అంచులు మడిచాడు. ఆ చాపని చుట్టూ ఉన్న జమ్ము గడలకి ఈతనారతో బిగించాడు. గిజిగాడి ముడి అది. గాలివానకి చెట్టు విరిగినా ముడి ఊడదు.

బుంగమ్మ ఒక ముడి దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. "ఇది కాస్త వదులుగా ఉంటే..."

"వదులుగా కట్టడం నాకు చేతకాదక్కా. మా అమ్మ నేర్పలేదు."

ఆవిడ మొగుడి దగ్గరికెళ్ళి మెల్లగా అంది. "ఏవయ్యా, నువ్వైనా చెప్పు. నీళ్ళు లేస్తే ఎలా?"

"ఊరుకోవే. పిల్లాడు రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడు. మనకోసం వచ్చినవాడి పనికి వంక పెడతామా? ఏమనుకుంటాడు?"

"ఏమైనా అనుకోనీ. గుడ్లు నావి."

"నీవే. కానీ నా కాలు చూడు. వాడు లేకపోతే ఇదీ లేదు."

బుంగమ్మ ఆ మధ్యాహ్నమే ఆ ఇంట్లో గుడ్లు పెట్టింది. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి చూశారు. ఇల్లు కదల్లేదు. అలొస్తే అలే విరిగింది.

"చూశావా బావా," అన్నాడు నారిగాడు. "నేల మీదున్నట్టే ఉంది కదూ?"

"నేల మీదున్నట్టే ఉంది బాబూ," అన్నాడు బుంగయ్య. ఆయన మొహంలో సంతోషం లేదు. నారిగాడు ఆయన మొహం వైపు చూడలేదు, ముడుల వైపు చూసుకుంటున్నాడు.

గుడ్లు పొదగడం సగమైంది. ఒక పొద్దున కొండలు కనపడకుండా మబ్బు పట్టింది. సరస్సు మీద చినుకు పడలేదు. అయినా నీళ్ళు లేచాయి, చప్పుడు లేకుండా, పాలు పొంగినట్టు. పక్కవాళ్ళ విస్తరి ఇళ్ళన్నీ నీళ్ళతోపాటే లేచి తాపీగా ఊగుతున్నాయి. నారిగాడు కట్టిన ఇల్లు ఉన్నచోటే ఉంది.

నీళ్ళు అంచు దాటాక గాని వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ముడి మీద పడ్డాడు. తడికి నార ఉబ్బి ముడి రాయిలా అయింది. లాగాడు, కొరికాడు. ముక్కు చిట్లి రక్తం వచ్చింది. ఒక్క పోగు తెగింది. అలాంటి పోగులు ఎన్ని పెట్టాడో వాడికే తెలుసు.

బుంగయ్య వాచిన కాలు ఈడుస్తూ నాచు తెచ్చి గుడ్ల కింద తోస్తున్నాడు. తెచ్చింది తెచ్చినట్టే నీళ్ళు తీసుకుపోతున్నాయి. బుంగమ్మ గుడ్ల మీంచి లేవలేదు. నీళ్ళు ఆవిడ రొమ్ము దాకా వచ్చాయి.

"లే అక్కా," అన్నాడు నారిగాడు.

"లేస్తే చల్లారిపోతాయి నాయనా."

గుడ్లు అప్పటికే నీళ్ళలో ఉన్నాయి.

సాయంత్రానికి ఆవిడే లేచింది.

మర్నాడు నల్లన్న వచ్చాడు. జమ్ము మీద వాలి, నీళ్ళలోకి తొంగి చూసి, కాసేపు తల గోక్కున్నాడు. "పద అబ్బాయ్. ఊళ్ళో వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"ఏం చెప్పను బాబాయ్?"

"ఇల్లు కట్టామని చెప్పు. కట్టాం కదా. అబద్ధమేముంది? నీటి కింద చూడు, ఇంకా చెక్కుచెదర్లేదు."

నారిగాడు నీటి కిందికి చూడలేకపోయాడు.

బుంగయ్య కుంటుకుంటూ సాగనంపడానికి వచ్చాడు. "శ్రమపడ్డావు బాబూ. దారిలో జాగ్రత్త." కోపంగా అనుంటే బాగుండేది. నిజంగానే అన్నాడు.

అవతల బుంగమ్మ ఒక్కతీ నాచు పోగేస్తోంది. "ఈ ఏటికి ఇంక గుడ్ల కాలం దాటిపోయింది కదే," అన్నాడు బుంగయ్య. "మనం నిలబడ్డానికైనా చోటు ఉండాలిగా," అందావిడ, తలెత్తకుండా.

నారిగాడు ఒక తుంగ ఆకు చీల్చి తెచ్చి, ఆవిడ ముందు పెట్టబోయాడు.

"వద్దు నాయనా," అంది. "మా మాట వినకపోయినా ఫరవాలేదు, దీన్ని మాత్రం ముట్టుకోకు."

వాడు ఆకు నీళ్ళలో వదిలేసి కాకి వెనక ఎగిరిపోయాడు. మోటబావి దగ్గర నిజంగానే అందరూ ఎదురుచూస్తున్నారు, ఇల్లు ఎలా కట్టాడో వినాలని. వాడు తిన్నగా తన ఖాళీ గూట్లోకి దూరిపోయాడు.

నీతి: ఒకరికి ఇల్లు కట్టాలని బయల్దేరేవాడు, అందులో ఉండేవాళ్ళ మాట చివరిదాకా వినాలి.