ఉయ్యాల కూలి

భ్రమరాంబగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు చేతికి పని వచ్చేది. చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యమనో, చింతపండులో గింజలేరమనో అనేవారు. పని సగంలో ఉండగా ఎక్కడిదో ఒక సంగతి ఎత్తుకునేవారు. అడిగినదానికీ చెప్పేదానికీ మొదట్లో ఏ పొంతనా కనిపించేది కాదు. కాలవగట్టున పెంకుటింట్లో ఆవిడ నడిపిన, పసిపిల్లల్ని చూసుకోవడం నేర్పే బాలసేవికల శిక్షణాలయం ఇప్పుడు లేదు, ఆ ఇల్లూ లేదు. అక్కడ చదువుకుని జుట్టు నెరిసినవాళ్లు మాత్రం ఏ పెళ్లిలోనో కలుసుకుంటే ఆ చిక్కుడుకాయల సంగతే చెప్పుకుని నవ్వుకుంటారు. పాఠాలు మరిచిపోయాం గాని ఈనెలు తియ్యడం మరిచిపోలేదంటారు.

వాళ్లలో హైమవతి ఒకర్తె. మంచి పిల్లే గాని ముక్కు మీద కోపం. ఒక శ్రావణమాసపు సాయంత్రం, శిక్షణలో భాగంగా వెళ్లిన ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చి వసారాలో నిలబడింది. బియ్యం మిల్లులో ధాన్యం ఆరబోసే కూలిమనిషి ఒకామె తన పసిబిడ్డకు నల్లమందు పెట్టింది. బిడ్డ చావు తప్పి బయటపడింది. హైమ ఆ బిడ్డను ఎత్తుకుంది, ఏడ్చింది, తల్లిని మాత్రం పలకరించలేదు. తెల్లారగానే పోలీసు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇద్దామని నిశ్చయించుకుని మరీ వచ్చింది. ఆ రోజుల్లోనే భ్రమరాంబగారు వారం వారం పంచాయతీ సమితి ఆఫీసుకు వెళ్లి, ఆడకూలీలున్న ప్రతిచోటా పిల్లలకొక పాక వేసి, చూసుకునే మనిషిని పెట్టాలని నిబంధన చెయ్యమని అడుగుతున్నారు.

"మీరు చెప్పులరిగేలా తిరుగుతున్నారు గదండీ," అంది హైమ. "ఇలాంటి తల్లుల్ని ఇద్దర్ని జైల్లో పెడితే మిగతావాళ్లు భయపడి మానుకోరా? కన్నతల్లికి లేని జాలి సర్కారువారి ఉత్తర్వు వల్ల వస్తుందా?"

భ్రమరాంబగారు చిక్కుడుకాయల బుట్ట ముందుకు జరిపారు. హైమ కూర్చోక తప్పలేదు. కాసేపటికి ఆవిడ తన అత్తవారి ఊరి సంగతి ఎత్తుకున్నారు.

వేములపర్రు మాగాణి ఊరు. నాట్ల రోజుల్లో ఊరంతా చేలోనే ఉండేది. ఆ మాట ఎత్తితే ఆవిడ గొంతు మెత్తబడేది. వరసగా వంగిన ఆడవాళ్లు, ఒకామె పాట ఎత్తితే మిగతావాళ్లు అందుకోవడం, గట్టు మీద తుమ్మచెట్లకు పాతచీరల ఉయ్యాలలు, మడి నీళ్లలో ఆ చీరల రంగులు. కొత్తకోడలిగా అత్తగారి వెంట గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి, ఈ పిల్లలెంత బుద్ధిగా నిద్రపోతున్నారో అని మురిసిపోయారట. అంత పాటలో, అంత ఎండలో, అందరూ ఒక్కలా ఎలా నిద్రపోతున్నారో ఆ వయసులో ఆవిడకు తట్టలేదు.

పొద్దున్నే తల్లులు రవ్వంత నల్లమందు పాలలో రంగరించి నాకించేవారు. వాళ్ల తల్లులూ అదే చేశారు, వాళ్ల తల్లులూ అదే. ఎంత పెట్టాలో మంత్రసాని పోలమ్మను అడిగేవారు. ఒక ఏడు ఒక పిల్ల ఉయ్యాలలోంచి లేవలేదు. ఊరు గొల్లుమంది. మునసబుగారు చెడ్డవాడు కాదు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని మరీ దండోరా వేయించాడు. నల్లమందు పెట్టిన తల్లికి జరిమానా, మళ్లీ పెడితే ఊళ్లోంచి వెలి. సబబే అన్నారు అందరూ.

చేలో పాట ఎత్తే మనిషి నూకాలు. మొగుడు పడవ మీద వెళ్లి తిరిగి రాలేదు. ఒళ్లో ఏడాది నిండని ఆడపిల్ల. దండోరా విన్న మర్నాడే నూకాలు నల్లమందు మానేసింది. పిల్ల నిద్రపోలేదు, గుక్కపట్టింది. నూకాలు పాట ఆపి గట్టెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. వరస చెడిపోతోందని మేస్త్రీ విసుక్కున్నాడు, రేపట్నించి రావద్దన్నాడు. పనికి వెళ్తే పిల్ల ఏడుస్తుంది, వెళ్లకపోతే తల్లికి గంజి లేదు, పిల్లకు పాలు లేవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేస్త్రీ కాళ్లూ వేళ్లూ పట్టుకుని మళ్లీ వరసలో చేరింది. ఆ పొద్దున ఎవరికీ తెలియకుండా నల్లమందు తీసింది. పోలమ్మను అడుగుదామంటే ఆ మాట నలుగురి నోళ్లలో పడి జరిమానా దాకా వస్తుంది. అంచేత తనే తోచినంత పెట్టింది.

మధ్యాహ్నం పాలివ్వడానికి వెళ్తే పిల్ల పెదవులు నల్లబడి ఉన్నాయి. నాట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బురద చేతులతోనే ఒకరి తరవాత ఒకరు పిల్లను భుజాన వేసుకుని గట్టు పొడుగునా తిప్పారు, మొహాన నీళ్లు చల్లారు, అరికాళ్లు తట్టారు. పొద్దు వాలే వేళకు పిల్ల సన్నగా ఏడిచింది. ఆ ఏడుపు విని కళ్లు తుడుచుకోని ఆడది లేదని భ్రమరాంబగారు చెబుతూ తనూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. హైమ చేతిలో కాయ చేతిలోనే ఉంది.

మర్నాడు మునసబుగారి అరుగు ముందు పంచాయతీ. ఉత్త జరిమానా చాలదని, పిల్లను పక్కూళ్లో బిడ్డలు లేని ఎవరికో ఒప్పచెప్పి, నూకాల్ని ఊరి పొలిమేర దాటించాలని పెద్దల మాట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాడు మేస్త్రీ. నూకాలు పిల్లను పమిటలో చుట్టుకుని దూరంగా కూర్చుంది.

"నన్ను కొట్టండి బాబయ్యా, పడతాను," అంది. "పిల్లని మాత్రం లాక్కోకండి."

అప్పుడు భ్రమరాంబగారి అత్తగారు పేరిందేవమ్మగారు వచ్చారు. మగవాళ్ల పంచాయతీకి ఆడవాళ్లు వెళ్లే రోజులు కావవి. అయితే ఆవిడకు పొలముంది, పొలానికి తగ్గ నోరూ ఉంది. మునసబు ఆవిడకు వరసకి మరిది. తప్పు తప్పే, కాదనడం లేదన్నారావిడ. పిల్లకు జరిగింది చూసి తనకు రాత్రి అన్నం సయించలేదన్నారు. మరి రేపు నా చేలో నాట్లు, పదిమందిని పిలిచాను, వాళ్ల చంకల్లో పిల్లలున్నారు, వాళ్లనెక్కడ పెట్టమంటారో పెద్దలు సెలవియ్యాలన్నారు.

తొమ్మిదిమంది నాటితే చాలని, పదో మనిషి గట్టు మీద కూర్చుని ఉయ్యాలలూపాలని, కూలి మాత్రం అందరికీ ఒక్కటేనని ఆవిడే తేల్చారు. ఆ పదో మనిషి నూకాలేనన్నారు. మేస్త్రీ నవ్వాడు. కూర్చుని ఊపేదానికి కూలేమిటన్నాడు.

"గేదెల్ని కాసేవాడికి ఏడాది పొడుగునా ఇస్తున్నాం గదరా," అన్నారు పేరిందేవమ్మగారు. "వాడేం దున్నుతున్నాడు?"

నిన్న పిల్లను చంపబోయినదాని చేతిలోనా పిల్లల్ని పెట్టేది అని ఒకాయన గొణిగాడు. నిన్నటి రోజు ఈ ఊళ్లో దానికి గుర్తున్నట్టు ఇంకెవరికీ గుర్తుండదన్నారావిడ. మునసబు మీసం నిమురుకుని, నాట్లయ్యేదాకా చూద్దామన్నాడు. పిల్ల తల్లి దగ్గరే ఉండిపోయింది.

పేరిందేవమ్మగారి చేలో ఉయ్యాలలు ఊగాయి, పిల్లలు ఏడ్చారు, నవ్వారు, తుమ్మకాయలతో ఆడుకున్నారు. నూకాలు గట్టు మీంచే పాట ఎత్తేది. ఊళ్లో రైతులు పేరిందేవమ్మగారి ఉయ్యాల సేవ అని ఎకసెక్కాలాడారు. తరవాత నాట్లు పక్కచేలో పడ్డాయి. అక్కడ గట్టు మీద మనిషి లేదు. ఉయ్యాలలున్నాయి గాని ఏ ఉయ్యాలా కదలడం లేదు. ఆ నిశ్శబ్దం ఏమిటో అప్పటికి కొత్తకోడలికీ తెలిసింది. పేరిందేవమ్మగారూ అటు చూశారు. ఇంటికి వెళ్లకుండా తిన్నగా మునసబుగారి అరుగెక్కారు.

"నా మంచితనం నా గట్టు దాకానే, మరిదిగారూ," అన్నారు. "అవతలి గట్టుకు మీ దండోరా కావాలి."

ఆయన నవ్వేశాడు. ఆవిడ మర్నాడూ వెళ్లారు. కోడలి చేత మజ్జిగ పట్టించుకుని మరీ వెళ్లి కూర్చునేవారు. ఆయన పెరటి దారిన తప్పించుకుంటే పెరట్లోనే ఎదురయ్యేవారు. ఆ ఏడు గడిచిపోయింది. మరుసటి ఏడు నాట్ల వేళకు ఆడవాళ్లు ముందుగా పేరిందేవమ్మగారి చేలోనే దిగుతామన్నారు. మిగతావాళ్ల నారు ముదరబట్టింది. రైతులే వచ్చి ఏదో ఒకటి తేల్చమని మునసబును పట్టుకున్నారు. దండోరా పడింది. నాట్లకు గాని కోతలకు గాని ఆడకూలీల్ని పిలిచిన ప్రతి రైతూ గట్టు మీద ఒక మనిషికి ఉయ్యాల కూలి ఇచ్చుకోవాలి. అది ఊరి కట్టుబాటయింది.

నూకాలు ఆ గట్ల మీదే ముసలిదైంది. ఆమె ఊపిన పిల్లలు తమ పెళ్లిళ్లకు ఆమెకు చీర పెట్టకుండా పీటల మీద కూర్చునేవారు కారు. ఆ చీరల్నే చింపి ఉయ్యాలలు కట్టేదట. భ్రమరాంబగారు అది చెబుతూ నవ్వారు. ఆ ఊళ్లో మళ్లీ ఒక్క నాట్ల కాలం గడపాలని ఉంటుందన్నారు.

బుట్ట ఖాళీ అయింది. వసారాలో చీకటి పడుతోంది. హైమకు ఆసుపత్రిలో తను పలకరించని ఆ తల్లి మొహం గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు. సిగ్గేసింది. ధాన్యం ఆరబోసేటప్పుడు ఆమె పిల్లను ఎక్కడ పడుకోబెడుతుందో రేపు వెళ్లి అడగాలనుకుంది. అయినా కోపం పూర్తిగా చల్లారలేదు. ఒక్క అనుమానం మిగిలింది.

"అయితే ఆ జరిమానా, ఆ వెలి? వాటిని ఎత్తేశారా అండీ?" అని అడిగింది.

భ్రమరాంబగారు కాయలు తీసుకుని వంటింటి వైపు వెళ్తూ గడప దగ్గర ఆగారు.

"ఎవరూ ఎత్తెయ్యలేదమ్మాయ్. ఇప్పటికీ ఉండే ఉంటాయి," అన్నారు. "వాటిని వెయ్యడానికే మళ్లీ ఏ తల్లీ దొరకలేదు."