కోనప్ప కుదుర్చుకున్న కావలివాళ్లు

ఊరిపెద్ద ఎన్నికలో గింజలు వేసే కుండలకు కావలివాళ్లను కుదుర్చమని పెత్తందారు కోనప్ప దండోరా వేసే తిప్పన్నకు పురమాయించాడు.

"అందరూ నా మనుషులే ఉండాలిరా! ఒక్కడు అవతలివాడైనా నీ వీపు చీరేస్తా!"

తిప్పన్నకు అన్నం సహించలేదు. కోనప్పే మళ్లీ గెలిస్తే పేదల మళ్లకు ఈ ఏడూ చెరువు నీళ్లు రావు. మర్నాడు మళ్లీ కోనప్ప దగ్గరికి వెళ్లాడు.

"మీవాళ్లలో ఎవర్ని వదిలినా అలుగుతారేమో దొరా!"

"అయితే అందర్నీ వేసెయ్. పెద్దకావలి నేనే!" అన్నాడు కోనప్ప మీసం దువ్వుతూ.

ఆ సాయంత్రం తిప్పన్న ఎన్నికల కట్టుబాట్లన్నీ దండోరా వేశాడు. కోనప్ప మనుషులెవరైనా చెవిన పెడతారేమోనని ఓరకంట చూశాడు. వాళ్లు మాత్రం కొత్త తలపాగాలు చుట్టుకునే సందడిలో ఉన్నారు.

మర్నాడు ఎన్నికలో జనం తమకు నచ్చినవాడి కుండలో చింతగింజలు వేశారు. రాజుగారి అధికారి ఎదుట కుండలు బోర్లిస్తే కోనప్ప కుండలోంచి ఒక్క గింజా రాలలేదు.

"నావాళ్ల గింజలేవిరా?"

తిప్పన్న చేతులు కట్టుకున్నాడు. "కావలి ఉన్నవాడు గింజ వేయకూడదని మన కట్టుబాటు కదా దొరా! నిన్న వీధివీధినా చాటాను."

"కనీసం నా గింజైనా ఉండాలి కదరా!"

"తమరు పెద్దకావలి కదా దొరా!"