ఒక్కసారీ ఓడని నక్కలపేట

చిత్రగిరి రాజ్యంలో చెడుగుడులో మేటి జట్టున్న ఊరికే ఆ ఏడు కాలువ నీళ్లు ముందుగా వదిలేవారు. మేటి ఎవరో ఆస్థాన గణకుడు ఓటములు లెక్కగట్టి చెప్పేవాడు, సభాపెద్దలు తమకు తోచిన ఊరికి చేతులెత్తి చెప్పేవారు. బరి మొహం చూసినవాడు మాత్రం వాళ్లలో ఒక్కడూ లేడు.

బరికి సున్నం గీతలు గీసే ఎర్రప్పకు అదే కడుపుమంట. గట్టి జట్లతోనే ఆడి రెండుసార్లు ఓడిన పాపానికి అతని ఊరి జట్టు గణకుడి లెక్కలోనూ, పెద్దల లెక్కలోనూ అడుగునే ఉండేది. ఊళ్లో నారుమళ్లు ఎండిపోతున్నాయి.

గెలుపోటముల పట్టిక సభకు మోసుకెళ్లేది ఎర్రప్పే. ఈసారి దాని చివర ‘నక్కలపేట, ఓటములు లేవు’ అని చేర్చాడు.

"నక్కలపేటే మేటి ప్రభూ! నా లెక్క తప్పదు" అన్నాడు గణకుడు.

"ఆ కుర్రాళ్ల పట్టు మేం కళ్లారా చూశాం" అన్నారు పెద్దలు.

రాజు ముచ్చటపడ్డాడు. "ఏదీ, పిలిపించండి వాళ్లను!"

"ఎవర్ని పిలిచేది ప్రభూ?" అన్నాడు ఎర్రప్ప. "నక్కలపేటంటే మా ఊరవతల ముళ్లపొదలు. అక్కడ ఆడినవాడే లేడు, ఇంక ఓడేదెవరు? ఈ అయ్యలు చూసిన పట్టు ఎవరిదో వాళ్లనే అడగండి."

రాజు పగలబడి నవ్వాడు.

"మరి మేటి ఎవరో తేలేదెలాగోయ్?"

"గీతలు గీసే వచ్చాను. తమరొచ్చి కూర్చుంటే చాలు."

మర్నాడు రాజు బరి పక్కన నేలమీదే కూర్చుని జట్లన్నిటి ఆటా చూశాడు. పొద్దువాలేసరికి కాలువ ఎర్రప్ప ఊరివైపు తిరిగింది.